డ్రమ్స్ లేని గదిలో పియానో

పాత తెలుగు సినిమాల్లో పియానో ఎక్కువగా జమీందారు గారి హాల్లోనే కనిపిస్తుంది. రెండు వైపులా మెట్లు, పైన వేలాడే షాండ్లియర్, కింద నల్లగా నిగనిగలాడే పియానో, దాని ముందు కోటు తొడుక్కున్న హీరో. అది ఉన్నవాళ్ల ఇంటి వస్తువు అన్న ముద్ర మనకు అక్కడే పడింది. అమెరికాలో దాని సంగతి వేరు. 1909లో ఆ ఒక్క దేశంలోనే సుమారు 3.6 లక్షల పియానోలు తయారయ్యాయి. అన్ని పియానోలు జమీందార్ల ఇళ్లకు పోవుగదా. బడికి, చర్చికి, గుమాస్తా ఇంటి ముందుగదికి, వీధి చివర బార్‌కు కూడా చేరాయి. ఆ వీధి చివర బార్లలో ఒకటి జాజ్ చరిత్రలో స్థిరంగా నిలిచిపోయింది. న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్ పేటలో, 70 యూనివర్సిటీ ప్లేస్ చిరునామాలో, 1969 నుంచి 1996 దాకా నడిచిన 'బ్రాడ్లీస్' అది.

బ్రాడ్లీస్ గురించి రాసేవాళ్లు సాధారణంగా అక్కడ వాయించిన గొప్పవాళ్ల పేర్లతో మొదలుపెడతారు. ఆ పేర్లు నిజంగానే గొప్పవి. అయితే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అక్కడ పియానోనే ఎందుకు? పక్కన ఒక్క డబుల్ బేస్ (నిలువెత్తు వయొలిన్‌లా ఉండే తీగ వాయిద్యం) పెట్టుకుని, డ్రమ్స్ లేకుండా, ఊదే వాయిద్యం లేకుండా, ఇద్దరే ఇద్దరు రాత్రంతా ఎందుకు వాయించారు? యజమాని అభిరుచి కొంత కారణం. బ్రాడ్లీ కనింగ్‌హామ్‌కు పియానో అంటే ప్రాణం, తనూ వాయించేవాడు. కానీ అసలు కారణం నగరపాలక సంస్థ చట్టాల పుస్తకంలో ఉంది.

1926లో న్యూయార్క్ నగరం 'క్యాబరే చట్టం' తెచ్చింది. క్యాబరే అనగానే మనకు సినిమాల్లో విలన్ డెన్‌లో జరిగే డాన్సు గుర్తొస్తుంది. ఈ చట్టం దృష్టిలో దాని అర్థం చాలా విశాలం. తిండో మందో అమ్మే చోట పాట, వాయిద్యం, నాట్యం ఏది జరిగినా ఆ చోటు క్యాబరేనే. దానికి లైసెన్స్ కావాలి. అవి మద్య నిషేధం రోజులు. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెమ్ క్లబ్బుల్లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చుని జాజ్ వింటున్న రోజులు కూడా. ఆ కలయిక మీద కన్నెర్రే ఈ చట్టానికి వెనక ఉన్న బలమని చాలామంది చరిత్రకారులు చెబుతారు. లైసెన్స్ దొరకడమే కష్టం. ఆపైన ఏ వీధిలో క్యాబరే ఉండవచ్చో, ఎక్కడ ఉండకూడదో తేల్చే జోనింగ్ నిబంధనలు ఇంకో గోడ. ఇళ్ల మధ్య ఉన్న పేట రెస్టారెంట్‌కు ఆ గోడ దాటడం దాదాపు అసాధ్యం.

అయితే 1961 సవరణలో ఒక చిన్న సందు మిగిలింది. భోజనానికి తోడుగా, డాన్సు లేకుండా సంగీతం పెట్టుకునే రెస్టారెంట్‌కు క్యాబరే లైసెన్స్ అక్కర్లేదు. షరతులు మాత్రం ఉన్నాయి. వాయించేవాళ్లు ముగ్గురికి మించకూడదు. వాయిద్యాలు కూడా చట్టమే ఎంచింది: పియానో, ఆర్గన్, అకార్డియన్, గిటార్, లేదా ఏదైనా తీగ వాయిద్యం. ఊదేవి కుదరవు. కొట్టేవి అసలే కుదరవు.

ఈ జాబితాలో ఎంత అన్యాయం ఉందో మన వాయిద్యాలను అక్కడ పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. వీణ వాయించవచ్చు. వేణువు ఊదితే తప్పు. జలతరంగం సంగతి చూడండి. నీళ్లు పోసిన పింగాణీ గిన్నెల అంచు మీద సన్నటి పుల్లతో తాకితే వచ్చే శబ్దం పక్క గదిలోకి కూడా సరిగా పోదు. కానీ పుల్లతో కొట్టేది కాబట్టి అదీ నిషేధమే. మరోపక్క యాంప్లిఫయర్ తగిలించిన గిటార్‌తో గోడలు అదరగొట్టినా ఆ జాబితా ప్రకారం తప్పు లేదు. ఇరుగుపొరుగు నిద్ర చెడకూడదన్నదే ఉద్దేశమైతే శబ్దాన్ని కొలిచి హద్దు పెట్టాలి. వాయిద్యం కులం చూసి గడప దగ్గర ఆపడమేమిటి? జాజ్‌కు ఊపిరి పోసినవి ట్రంపెట్, శాక్సఫోన్, డ్రమ్స్. సరిగ్గా వాటినే బయట నిలబెట్టిన చట్టం ఇది.

యూనివర్సిటీ ప్లేస్ పెద్ద వీధేమీ కాదు. వాషింగ్టన్ స్క్వేర్ పార్కు దగ్గర నుంచి 14వ వీధి దాకా, ఆరేడు నిమిషాల నడక. డెబ్భైల్లో ఆ చిన్న వీధిలోనే, 8వ వీధి మలుపులో 'కుకరీ', 9వ వీధి దగ్గర 'నికర్‌బాకర్', ఇంకాస్త పైకి వెళితే బ్రాడ్లీస్. మూడూ ముందు భోజనం పెట్టే చోట్లు, ఆ తర్వాతే సంగీతం. మూడింటిలోనూ మధ్యలో ఒక పియానో. ఒకే వీధిలో ఒకే పంట ఇంత ఏపుగా పెరిగిందంటే గింజ మంచిదని చెప్పి ఊరుకోలేం, నేల ఎలాంటిదో కూడా చూడాలి. చట్టం మిగిల్చిన ఆ సందులో మొలవగలిగింది పియానో ఒక్కటే.

ఇక సంగీతం ఏమైందో కాస్త దగ్గరగా చూడాలి. ఈ విషయంలో అన్నిటికంటే విలువైనది అదే.

మామూలు జాజ్ బృందంలో డ్రమ్మర్ కాలం పట్టుకుంటాడు. మన కచేరీలో మృదంగం చేసే పనిలో సగం అదే. అతను ఉన్నాడన్న భరోసాతో పియానో వాయించేవాడు ఎడమచేతికి విశ్రాంతినిచ్చి, అక్కడక్కడా ఒక స్వరగుచ్ఛం వేసి, కుడిచేత్తో మనోధర్మం సాగిస్తాడు. డ్రమ్మర్‌ను తీసేస్తే ఏమవుతుంది? మృదంగం లేకుండా గంటసేపు కృతులు పాడమన్నట్టే ఉంటుంది. తాళం గాయకుడి గొంతులోనే ఉండాలి, లోపలెక్కడో నడుస్తూ ఉండాలి. బ్రాడ్లీస్‌లో కూర్చున్న పియానిస్టు పరిస్థితి అదే. డబుల్ బేస్‌ను పక్కనున్నవాడు వేళ్లతో మీటుతూ అడుగు తర్వాత అడుగు వేసినట్టు నడిపిస్తుంటాడు. ఆ నడక మీద పియానిస్టు రెండు చేతులతోనూ ఇల్లు కట్టాలి. ఎడమచేయి బద్ధకిస్తే వెంటనే తెలిసిపోతుంది. బేస్ వాయించేవాడి వేలు తీగ మీద కొద్దిగా జారితే ఆ బర్రుమనే శబ్దం కూడా మూలనున్న టేబుల్‌కు వినిపిస్తుంది. తప్పు దాచుకోవడానికి చాటు లేదు.

అందుకే ఆ గది ఒక తరం పియానిస్టులకు పరీక్ష హాలైంది. టామీ ఫ్లానగన్ ఏళ్ల తరబడి గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ వెనక వాయించినవాడు. జిమ్మీ రోల్స్ బిల్లీ హాలిడే, పెగ్గీ లీ లాంటి గాయనులకు పక్కవాద్యం అందించి, ఎవరికీ గుర్తులేని పాత పాటలు కూడా నోటికి వచ్చినవాడు. హాంక్ జోన్స్ 1962లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మారిలిన్ మన్రో అధ్యక్షుడు కెనెడీకి పుట్టినరోజు పాట పాడినప్పుడు పియానో దగ్గర కూర్చున్న మనిషి. ముగ్గురూ జీవితంలో ఎక్కువ భాగం వేరొకరి గొంతు వెనక నిలబడ్డవాళ్లే. పక్కవాద్యం వాయించేవాడికి ఇతరుల కంటే బాగా తెలిసిన విద్య ఒకటుంది, ఎక్కడ వాయించకూడదో తెలియడం. డ్రమ్స్ లేని గదికి కావాల్సింది సరిగ్గా ఆ విద్యే. బ్రాడ్లీస్ లాంటి చోట్ల వాళ్లు ముందువరసలోకి వచ్చారు. వాళ్ల తర్వాత కెన్నీ బారన్, సీడర్ వాల్టన్, జాన్ హిక్స్, కర్క్ లైట్సీ, ఇంకా చిన్నవాడైన ఫ్రెడ్ హెర్ష్ ఆ స్టూల్ మీద కూర్చున్నారు. బేస్ వైపు రాన్ కార్టర్, రెడ్ మిచెల్, జార్జ్ మ్రాజ్ లాంటివాళ్లు.

ఆ పియానోకూ ఒక కథ ఉంది. కద్రి గోపాల్‌నాథ్ కచేరీలతో మనకు పరిచయమైన ఆల్టో శాక్సఫోన్‌ను జాజ్‌లో మెత్తగా, గాలిలో తేలుతున్నట్టు వాయించినవాడు పాల్ డెస్మండ్. డేవ్ బ్రూబెక్ బృందంలో ఉంటూ 'టేక్ ఫైవ్' బాణీ కట్టింది ఆయనే. ఆయన బ్రాడ్లీస్‌కు తరచూ వచ్చేవాడు. 1977 మే 30న చనిపోయాడు. వీలునామాలో తన బాల్డ్విన్ గ్రాండ్ పియానోను బ్రాడ్లీస్‌కు రాసిచ్చాడు. 'టేక్ ఫైవ్' మీద వచ్చే రాయల్టీలు అమెరికన్ రెడ్ క్రాస్‌కు ఇచ్చాడు. గమనించాల్సింది ఏమిటంటే, డెస్మండ్ వాయించేది ఊదే వాయిద్యం. చట్టం పట్టుబడితే ఆ గదిలో ఆయన శాక్సఫోన్‌కు చోటు లేదు. అలాంటి మనిషి తన పియానో ఆ గదికే చేరాలని కోరుకున్నాడు. ఒక పేట బార్‌కు అంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది!

మంచి పియానో అన్నది ఇక్కడ అలంకారం కాదు. బార్‌లో పియానో బతకడం కష్టం. గ్రాండ్ పియానోలో ఇంచుమించు 230 తీగలుంటాయి, అవన్నీ కలిసి ఇనుప చట్రాన్ని టన్నుల బరువుతో లాగుతుంటాయి. లోపలి చెక్కపలక తేమకు ఉబ్బుతుంది, చలికాలం హీటర్ల వేడికి ఎండి ముడుచుకుంటుంది. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి, వంటగది నుంచి ఆవిరి, 2003 దాకా న్యూయార్క్ బార్లలో సిగరెట్ పొగ, ఎవరో మూత మీద పెట్టి మరిచిపోయిన గ్లాసు. శృతి చేయించిన కొన్నాళ్లకే జారిపోతుంది. చాలా రెస్టారెంట్లలో పియానో మూల పడి, నాలుగు కీలు పలకక, పూలకుండీకి స్టాండ్‌గా మారేది ఇందుకే. దాని మీద పెట్టే ఖర్చు భోజనం బిల్లులో కనబడదు. యజమానికి మమకారం ఉంటేనే ట్యూనర్ వస్తాడు. నగరంలోని అగ్రశ్రేణి పియానిస్టులు ఒక బార్‌కు పదేపదే తిరిగి వచ్చారంటే అక్కడి వాయిద్యాన్ని ఎవరో జాగ్రత్తగా చూసుకున్నారన్నమాట.

ఆ గదికి ఇంకో బలం సమయం. న్యూయార్క్‌లో బార్లు తెల్లవారుజామున నాలుగింటి దాకా మందు అమ్మవచ్చు. సాయంత్రం భోజనానికి వచ్చేవాళ్లు పేటవాళ్లు, దగ్గర్లోని యూనివర్సిటీవాళ్లు. వాళ్లకు సంగీతం మాటల మధ్య నడిచే తోడు. రాత్రి ముదిరేకొద్దీ గది మారిపోయేది. 1935 నుంచి నడుస్తున్న జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్ నడక దూరంలోనే ఉంది. అక్కడా ఇంకా మిగతా క్లబ్బుల్లోనూ తమ పని ముగించుకున్న సంగీతకారులు ఒక్కొక్కరే వచ్చి చేరేవారు. అర్ధరాత్రి దాటాక జరిగే ఆఖరి సెట్టుకు, అంటే ఆఖరి విడత కచేరీకి, వినేవాళ్లలో సగం మంది వాయించేవాళ్లే. పియానో దగ్గరున్నవాడికి ఇంతకంటే టెన్షన్ ఇంకేముంటుంది? టికెట్ కొన్న ప్రేక్షకుడు తప్పు పట్టలేడు, బార్ స్టూల్ మీద కూర్చున్న టామీ ఫ్లానగన్ పడతాడు. నేర్చుకునే కుర్రవాళ్లకు మాత్రం అది ఫీజు లేని గురుకులం. ఒక బీరు కొనుక్కుని, పియానిస్టు చేతులు కనబడే చోట నిలబడితే చాలు.

పక్కనున్న కుకరీ గురించి కూడా చెప్పుకోకపోతే ఈ వీధి కథ సగమే. దాని యజమాని బార్నీ జోసెఫ్‌సన్. 1938లో ఇదే గ్రెనిచ్ విలేజ్‌లో కెఫే సొసైటీ అనే క్లబ్ తెరిచి, నల్లవాళ్లను తెల్లవాళ్లను ఒకే హాల్లో పక్కపక్కన కూర్చోబెట్టిన మనిషి. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు. ఆ క్లబ్ మూతపడ్డాక ఆయన మామూలు హోటల్ వ్యాపారంలోకి దిగాడు. 1970లో పియానిస్టు మేరీ లూ విలియమ్స్ ఆయన దగ్గరికి వచ్చి కుకరీలో వాయిస్తానంది. అంతటి విద్వాంసురాలికి అప్పుడు పని లేదు. హాంబర్గర్ల మధ్య పియానో చేరింది. 1977లో అదే గదిలో అల్బర్టా హంటర్ పాడింది. 1920ల్లో పేరున్న బ్లూస్ గాయని, తర్వాత రెండు దశాబ్దాలు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. మళ్లీ మైకు పట్టుకునేనాటికి వయసు 82. 1984లో చనిపోయే దాకా పాడుతూనే ఉంది. పెద్ద సంగీత సంస్థలు మరిచిపోయినవాళ్లను పేట రెస్టారెంట్లు వెతికి పట్టుకున్నాయంటే కారణం వాటి లెక్కే వేరు. వెయ్యి సీట్ల హాలుకు ప్రతి రాత్రీ వెయ్యి మంది రావాలి. అరవై డెబ్భై మంది పట్టే గదికి వంటగది ఆసరా ఉంటుంది. పాట కోసం రాకపోయినా ఆకలేసి వస్తారు.

ఇదంతా చదివాక ఒక ప్రమాదకరమైన ఆలోచన రావచ్చు. అంటే ఆ చట్టమే మంచి చేసిందా, అది లేకపోతే పియానో-బేస్ జంట ఇంత ఎదిగేదా అని. కొందరు ఆప్యాయంగానే అలా అంటారు కూడా. ఆ మాట ఒప్పుకోలేం. ఇదే చట్టాల కుటుంబం ఏం చేసిందో చూడాలి. 1940 నుంచి 1967 దాకా న్యూయార్క్‌లో మందు అమ్మే చోట వాయించాలన్నా పాడాలన్నా పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. వేలిముద్రలు, ఫోటో ఇచ్చి తీసుకోవాలి. కేసు పడితే కార్డు పోతుంది. 1947లో మత్తుమందుల కేసులో శిక్షపడ్డ బిల్లీ హాలిడే కార్డు పోయింది. జైలు నుంచి వచ్చాక 1948లో కార్నెగీ హాల్లో పాడగలిగింది, ఎందుకంటే అప్పట్లో అక్కడ మందు అమ్మేవారు కాదు. న్యూయార్క్‌లో మందు అమ్మే క్లబ్ స్టేజీ మాత్రం 1959లో చనిపోయే వరకూ ఆమెకు మూసుకుపోయింది. పియానిస్టు థెలోనియస్ మంక్‌ను 1951లో మత్తుమందుల కేసులో పట్టుకున్నారు, కార్డు తిరిగి రావడానికి 1957 దాకా పట్టింది. అతని వేళ్లు బాగా వాయించగల వయసులో ఆరేళ్లు సొంత ఊరి క్లబ్బుల్లో వినిపించలేదు. ఇక ముగ్గురే ఉండాలన్న షరతు, వాయిద్యాల జాబితా వల్ల ఎన్ని రాత్రులు ఎంతమంది డ్రమ్మర్లకు, ట్రంపెట్ వాళ్లకు పని పోయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. బండరాయి పగుల్లో రావిమొక్క మొలిచిందని బండరాయికి దండం పెట్టం. బ్రాడ్లీస్ గొప్పతనం అక్కడ వాయించినవాళ్లది, పియానో శృతి చెడకుండా చూసుకున్నవాళ్లది.

ఆ బండను పగలగొట్టిన మనిషి వాయిద్యం ఏదో తెలిస్తే ముచ్చటేస్తుంది. వారెన్ షియాసన్ వాయించేది వైబ్రఫోన్. లోహపు పలకలను మెత్తటి గుండు పుల్లలతో తాకితే పలుకుతుంది, మన జలతరంగానికి దూరపు బంధువు లాంటిది. ఎంత మృదువుగా పలికినా కొట్టే వాయిద్యమే కాబట్టి పేట రెస్టారెంట్లలో అతనికి చోటు లేదు. సంగీతకారుల యూనియన్ లోకల్ 802 తోడు నిలిచింది, న్యూయార్క్ యూనివర్సిటీ లా ప్రొఫెసర్ పాల్ చెవిగ్నీ వాదించాడు. 1986లో కోర్టు వాయిద్యాల జాబితాను కొట్టేసింది. 1988లో ముగ్గురే ఉండాలన్న షరతునూ కొట్టేసింది. ఏ రాగం ఏ వాయిద్యంతో పలకాలో నిర్ణయించడం భావప్రకటన స్వేచ్ఛలో చేయి పెట్టడమేనన్నది వాదనకు ప్రాణం. క్యాబరే చట్టం పూర్తిగా రద్దయింది మాత్రం 2017లో. అప్పటిదాకా డాన్సు మీద ఆంక్ష అలాగే ఉండిపోయింది.

అదే 1988లో బ్రాడ్లీ కనింగ్‌హామ్ చనిపోయాడు. భార్య వెండీ నడిపే బాధ్యత తీసుకుంది. తలుపు తెరుచుకోవడంతో డ్రమ్స్ లోపలికి వచ్చాయి, ఊదే వాయిద్యాలూ వచ్చాయి. సంగీతకారులకు అది న్యాయం. అయితే గది అదే, టేబుళ్లు అవే. ఇద్దరికిచ్చే డబ్బు ముగ్గురికీ నలుగురికీ ఇవ్వాలి. డ్రమ్స్ మోగుతుంటే మాట్లాడుకుంటూ భోంచేసేవాళ్లు తగ్గుతారు, కచేరీ కోసం వచ్చేవాళ్లు పెరుగుతారు. కచేరీ కోసం వచ్చేవాడు ఒక్క గ్లాసుతో మూడు గంటలు కూర్చుంటాడు. మాన్‌హటన్ అద్దెల సంగతి చెప్పనక్కర్లేదు. రెస్టారెంట్‌కు రెండు కాళ్లు, ఒకటి వంటగది, రెండోది సంగీతం. రెండోది బలపడేకొద్దీ మొదటిది చిక్కిపోతే నిలబడటం కష్టం. 1996లో బ్రాడ్లీస్ మూతపడింది. తర్వాత ఆ చోట ఒక స్పోర్ట్స్ బార్ వచ్చింది.

ఆ వరసను తిరిగి పట్టుకున్న చోటు 2014లో వెస్ట్ 10వ వీధిలో ఒక బేస్‌మెంట్‌లో తెరిచారు. పేరు 'మెజ్రో'. తెరిచినవాడు స్వయంగా పియానిస్టు, స్పైక్ విల్నర్. పియానో-బేస్ జంటకు పెద్దపీట వేసే ఈ గదికి బ్రాడ్లీసే ఆదర్శమని ఆయన దాచుకోలేదు. పియానో ఉంది, శ్రద్ధగా వినే జనం ఉన్నారు. తేడా ఒకటే, అక్కడికి టికెట్ కొనుక్కుని వెళ్లాలి, సెట్టు అయ్యాక లేచి రావాలి. వినడానికి అది మెరుగే కావచ్చు. రోజూ రాత్రి అన్నానికి వచ్చే పక్కింటాయన, తన ప్లేటు మీద తల వంచుకుని ఉండగానే హాంక్ జోన్స్ చెవిన పడటం మాత్రం అలాంటి చోట జరిగేది కాదు.

బ్రాడ్లీస్ చివరి ఏడాది గొంతు ఒకటి మిగిలింది. 1996 ఏప్రిల్‌లో కెన్నీ బారన్ అక్కడ వాయించినప్పుడు రికార్డు చేశారు. 2002లో ఒక ఆల్బమ్‌గా, 2005లో ఇంకొకటిగా బయటికి వచ్చాయి. బేస్ మీద రే డ్రమండ్. డ్రమ్స్ మీద బెన్ రైలీ, అరవైల్లో మంక్ వెనక వాయించిన బెన్ రైలీ. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఆ గదిలో బెన్ రైలీ కర్రలు చేత్తో పట్టుకుని కూర్చుంటే యజమానికి నోటీసు వచ్చేది. రికార్డులో అతను చాలాచోట్ల డ్రమ్స్‌ను గట్టిగా కొట్టడు, పియానో ఎడమచేతికి అడ్డురాకుండా పక్కకు జరిగి నడుస్తాడు.